ఇసక దీవిలో ఊరి కంబళి

మునుసామి పెద్దతాత వ్యాను ఎక్కీ ఎక్కగానే చివరిదాకా నడిచి, వెనక తలుపు గడియ చేతికందే సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో ఊరి కంబళి పెట్టుకున్నాడు. డ్రైవరు పక్కనున్న ముందు సీటు ఆయన కోసమే తుడిచి ఖాళీగా ఉంచారని తెలుసు. తెలిసీ ఆ వైపు కన్నెత్తి చూడలేదు.

"ఏం బావా, అంత వెనక్కి పోతిరి?" అంది ఆయన తమ్ముడి భార్య పాపమ్మాళ్.

"బండి తిరగబడితే దూకేదానికి వాటంగా ఉండల్ల గదా" అన్నాడు ఆయన. గుసగుసగా మాట్లాడే అలవాటు ఆయనకు పుట్టినప్పటి నుంచీ లేదు.

స్టీరింగు ముందు కూర్చున్న సంగవికి ఆ మాట సూటిగానే తగిలింది. ఆమె పాపమ్మాళ్ మనవరాలు. పాతికేళ్ళు ఇంకా నిండలేదు. లైసెన్సు చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు, వేళ్ళకంటిన అగ్గిపుల్లల మందు వాసన ఇంకా వదల్లేదు. అద్దంలో పెద్దతాతను ఒకసారి చూసి, తాళం తిప్పి, బండి కదిలించింది. నోరు తెరిస్తే ఏదో ఒకటి అనేస్తానని ఆమెకు తెలుసు.

వాళ్ళ ఊరు కోవిల్‌పట్టికీ పుదూరుకీ నడుమ, నల్లరేగడి నేలలో ఉంది. ఆ నేలను అక్కడివాళ్ళు కరిసల్ అంటారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. వాన పడితే పత్తి, మిరప. వాన మొహం చాటేస్తే కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. దాన్ని వాళ్ళు ఫ్యాక్టరీ అనరు, మర్యాదగా 'ఆపీసు' అంటారు. వాన సాధారణంగా మొహం చాటేసే రకమే కాబట్టి ఊరి ఆడవాళ్ళలో సగం మంది ఆపీసుకు పోయేవాళ్ళే. పల్లెలకు తిరిగే మొఫసల్ బస్సు వచ్చినప్పుడు వస్తుంది, రానప్పుడు రాదు. అది ఆలస్యమైందంటే ఆపీసు గేటు మూసేస్తారు, ఆ రోజు కూలి గోవిందా. ఆ బాధ పడలేక ఆడవాళ్ళంతా సంఘం పెట్టుకుని, విరుదునగర్‌లో ఒక పప్పుల వ్యాపారి దగ్గర పాత వ్యాను కొన్నారు. దాన్ని తోలే పేచ్చిముత్తు ఇంకా మంచి జీతం చూసుకుని తిరుప్పూరు వెళ్ళిపోయాడు. వ్యాను రేషను కొట్టు పక్కన నిలబడిపోయింది. కోళ్ళు దాని కింద కాపురం పెట్టాయి.

ఒకరోజు గేటు మూసేసి వెనక్కి పంపేస్తే, ఎర్రటి ఎండలో తోటి ఆడవాళ్ళతో కలిసి నడిచి వస్తూ సంగవి మనసులో తేల్చుకుంది, ఆ వ్యాను తనే తోలాలని. ఆదివారాలు కోవిల్‌పట్టిలో నేర్చుకుంది. నేర్చుకుని వచ్చి అడిగితే ఊరు నవ్వింది. ఆ నవ్వులో పెద్ద వాటా కుమారవేల్‌ది. అతను వరసకు ఆమెకు మామ, కోవిల్‌పట్టిలో షేర్ ఆటో తోలుతాడు. వ్యాను తనకిస్తే పెళ్ళిళ్ళకూ మొక్కుబళ్ళకూ తిప్పుతాననీ, ఖాళీ ఉన్న రోజు ఆపీసు ఆడవాళ్ళను దింపుతాననీ అన్నాడు. ఆ ఖాళీ రోజు ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు.

తగవు కంబళి దగ్గరికి చేరింది. ఊళ్ళో ఏ సంగతి తేలాలన్నా నల్లగొర్రె బొచ్చుతో నేసిన ఆ కంబళి పరవాలి, పెద్దమనిషి దాని మీద కూర్చోవాలి. దాని మీద కూర్చుని చెప్పిన మాట ఊరి మాట. ఎదురు చెప్పదలచినవాళ్ళు కంబళి చుట్టేలోపలే చెప్పాలి. చుట్టేశాక దేవుడొచ్చినా మారదు. చెప్పుకాలు దానికి తగలకూడదు. ఎర్ర చార ఉన్న అంచు తూర్పుకుండాలి. ఆడవాళ్ళు దాని ముందు నిలబడి ఎంతసేపైనా వాదించవచ్చు, కూర్చోవడం మాత్రం ఇంతవరకూ లేదు. ఎందుకు లేదని అడిగితే, అడిగినవాళ్ళ మొహం ఎగాదిగా చూస్తారు తప్ప జవాబు చెప్పరు. తండ్రి పోయినప్పటి నుంచీ దాన్ని కాపాడుతున్నది మునుసామే. పెట్టెలో వేపాకు వేసి దాస్తాడు, అప్పుడప్పుడూ ఎండలో వేస్తాడు, ఎండలో వేసినంతసేపూ పక్కనే కూర్చుని కాకులను తోలుతాడు.

ఆ కంబళి మీద కూర్చుని ఆయన సంగవికి ఒక షరతు పెట్టాడు.

"వచ్చే ఆదివారం ఆడోళ్ళనంతా ఏసుకోని రామేశ్వరం దీవికి తోలుకోని పో. ఇసక దీవి అది. చివరంటా పోయి రావల్ల. స్టీరింగు మీద ఇంకోడి చెయ్యి పడినా, ఇంకో బండి వచ్చి దీన్ని లాగినా, మళ్ళా ఈ పేచ్చు, ఈ మాట ఎత్తొద్దు. ఏ వంకా లేకుండా తిరిగొస్తివంటే, అప్పుడు కంబళి పరిచి చెప్తా."

దీవే ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన కూడా ఆ దీవిని ఎన్నడూ చూడలేదనీ, చూడాలని చాలా కాలంగా ఉందనీ పాపమ్మాళ్‌కు ఒక్కదానికే తెలుసు. ఆమె బయటపెట్టలేదు.

అలా ఆ ఆదివారం వ్యాను సాత్తూరు దాటి, విరుదునగర్‌లో తూర్పుకు తిరిగి, అరుప్పుకోట్టై మీదుగా సముద్రం వైపు పోయింది. ఖాళీగా ఉన్న ముందు సీటును కుమారవేల్ సొంతం చేసుకున్నాడు. గేరు మార్చమన్నాడు, హారను కొట్టమన్నాడు, లారీ కనబడితే బ్రేకు అన్నాడు, కనబడకపోయినా బ్రేకు అన్నాడు. అతని కుడికాలు లేని బ్రేకును తొక్కీ తొక్కీ అలిసిపోయింది.

"ఒరే కుమారవేలూ, నువ్వు తొక్కే తొక్కుడుకు బండికి బొక్క పడి రోడ్డు కనబడల్ల" అంది పాపమ్మాళ్. ఆడవాళ్ళంతా నవ్వారు. సంగవి నవ్వలేదు. ఈ ఒక్క రోజు గడిస్తే చాలు, తర్వాత జీవితమంతా నవ్వుకోవచ్చనుకుంది.

పాంబన్ వంతెన ఎక్కేసరికి గాలి వ్యానును పక్కకు తోసింది. ఆమె స్టీరింగు బిగించి పట్టుకుంది. పక్కన కొత్త రైలు వంతెన, ఓడ వస్తే నడుమ భాగం నిలువునా పైకి లేచేది. దాని వెనక తుప్పు పట్టిన పాత వంతెన. కింద నీళ్ళు ఒకచోట పచ్చగా, ఒకచోట నీలంగా, పడవలు బొమ్మల్లా చిన్నగా. ఆడవాళ్ళు ఒక పక్క కిటికీల నుంచి ఇంకో పక్క కిటికీలకు ఎగబడ్డారు. సంగవి అద్దంలో చూస్తే మునుసామి నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

రామేశ్వరం గుడిలో స్తంభాల వరసల మధ్య నడిచారు. నీళ్ళ నడుమ ఉన్న కోదండరాముడి గుడిలో దీపం పెట్టారు. విభీషణుడు వచ్చి రాముణ్ణి శరణు కోరింది అక్కడేనని చెప్తారు. పూర్వం పెద్ద తుపాను వచ్చి ధనుష్కోటి ఊరిని ఊడ్చేసినా ఆ గుడి మాత్రం నిలిచిందని పూజారి చెప్పాడు. మునుసామి ప్రతిచోటా కంబళి చంకన పెట్టుకునే దిగాడు. ఎండకు చెమటలు కారుతున్నా దించలేదు. ఒకామె పట్టుకుంటానంటే అనుమానంగా చూశాడు.

ఆపైన రోడ్డు సూటిగా ఇసకలోకి పోయింది. రెండు పక్కలా సముద్రం, నడుమ రోడ్డు, అంతే. చివర రోడ్డు గుండ్రంగా తిరిగి ఆగిపోతుంది. దాని అవతల దేశం లేదు. ఒక పక్క అలలు లేని నెమ్మది సముద్రం, ఇంకో పక్క ఒడ్డును బాదే సముద్రం. నెమ్మదిగా ఉండేదాన్ని ఆడ సముద్రమనీ, బాదేదాన్ని మగ సముద్రమనీ అక్కడివాళ్ళు అంటారని కుమారవేల్ విడమరిచి చెప్పాడు.

"నెమ్మదిగా ఉండేది ఆడదంటనా? ఆ పేరు పెట్టినోణ్ణి ఒక దినం మా ఇంటికి పంపు" అంది ఒకామె. నవ్వుతూ, చీరలు తడుపుకుంటూ వాళ్ళంతా మగ సముద్రంలోకే దిగారు. మునుసామి కంబళిని నెత్తిన పెట్టుకుని మోకాళ్ళ లోతు దాకా వెళ్ళి, ఒక్కో అలకూ గుడ్లప్పగించి నిలబడ్డాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగితే పాపమ్మాళ్ చూస్తోంది. ఆయన వెంటనే మొహం గంభీరంగా పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో పాత ఊరి దగ్గర ఆగారు. పగడపు రాళ్ళతో కట్టిన చర్చికి పైకప్పు లేదు, గోడలు మాత్రం నిలబడ్డాయి. రైలు స్టేషన్‌కు రెండు మొండి గోడలు మిగిలాయి. ఆ తుపాను రాత్రి మనుషులతో పాటు రైలే సముద్రంలోకి పోయిందని అక్కడ గవ్వలు అమ్మే మారిసెల్వి తమిళంలో చెప్తుంటే ఆడవాళ్ళు గలగల ఆపేశారు. పాపమ్మాళ్ ఆమెను ఒక్కటే అడిగింది. ఇంత ఉప్పు నడుమ ఏం నీళ్ళు తాగుతారమ్మా అని.

"ఇసక గీకితే మంచినీళ్ళే అవ్వా" అని మారిసెల్వి దూరంగా సరుగుడు చెట్లు చూపించింది. "అక్కడ మా ఊట ఉంది. వెళ్ళి తాగి చూడండి."

పాపమ్మాళ్ నమ్మలేదు. నమ్మకపోయినా చూడాలనుంది. మోకాళ్ళు మాత్రం అంతదూరం నడవనన్నాయి.

సంగవి ఆ వైపు చూసింది. తారురోడ్డు దిగితే సరుగుడు చెట్లదాకా బూడిదరంగు నేల. ఎండకు బిగుసుకుని నెర్రెలు విచ్చింది. కరిసల్ మనుషులకు నెర్రెలంటే నమ్మకం. వాళ్ళ ఊళ్ళో వేసవిలో నేల అలా పగిలిందంటే ఇక రాయితో సమానం, పత్తి లారీలు కూడా దాని మీదే పోతాయి. సంగవి దిగి మడమతో తన్ని చూసింది. గట్టిగానే ఉంది. కుమారవేల్ కూడా తన్ని చూసి తల ఊపాడు. మునుసామి కిటికీలోంచి తల బయటపెట్టి, "నేల బిగిసి ఉండాది. పో అమ్మీ" అన్నాడు. ఆ రోజంతా ఆయన ఆమె పక్షాన అన్న మొదటి మాట అది. ఆ సంబరంలో ఆమె రెండోసారి ఆలోచించలేదు.

సగం దూరం బాగానే పోయింది. ఆ తర్వాత కింద ఏదో మెత్తగా విరిగింది, వ్యాను వెనక భాగం కుంగింది. ఆ నెర్రెల పొర దోసె మందం కూడా లేదు. ఎప్పుడో నిలిచిన నీళ్ళు ఇంకిపోతూ మిగిల్చిన బురద పెచ్చు అది, కిందంతా ఒట్టి ఇసకే.

"తొక్కు, తొక్కు, ఆపొద్దు" అని కుమారవేల్ అరిచాడు. ఆమె తొక్కింది. చక్రాలు గిర్రున తిరిగి ఇసకను వెనక్కి చిమ్మాయి. వ్యాను ముందుకు అంగుళం పోలేదు, కిందికి మాత్రం పోయింది. ఎడమ వెనక చక్రం సగానికి పైగా మునిగాక ఆమె ఇంజను ఆపేసింది. స్టీరింగును వదలకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.

అందరూ దిగారు. మునుసామి వెనక తలుపు తీసుకుని దిగాడు. దూకాల్సిన అవసరం రాలేదు, వ్యాను నేలకు అంత దగ్గరగా ఉంది.

"సాయంత్రం పోలీసోళ్ళు వచ్చి అందరినీ పంపించేస్తారు" అని మారిసెల్వి దూరం నుంచే కేకేసింది. కుమారవేల్ అప్పటికే ఫోను చెవికి పెట్టాడు. రామేశ్వరంలో జీపులవాళ్ళుంటారు, తాడు కట్టి లాగేస్తారు, ఇసకలో ఇరుక్కున్న బండ్లు వాళ్ళకు కొత్త కాదు. ఫోను పెట్టేసి అతను సంగవి వైపు చూశాడు. గెలిచినవాడి మొహమైతే కాదు, పాపం, జాలిగానే చూశాడు. ఆ జాలికి ఆమెకు ఇంకా మండింది.

"జీపు బయల్దేరింది. పోనీలే, ఊరికి పోయి నువ్వు మళ్ళా ఆపీసుకు పోదువు. ఇప్పుడేమైంది" అన్నాడు.

ఏమైందో ఆమెకు తెలుసు. ఆ తాడు బండికి కట్టిన క్షణంలో స్టీరింగు పోతుంది. వ్యాను పెళ్ళిళ్ళకు పోతుంది. ఆడవాళ్ళు మొఫసల్ బస్సు కోసం రోడ్డున నిలబడతారు, మూసిన గేటు ముందు నిలబడతారు, వాళ్ళలో తనూ ఉంటుంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే, ఆడపిల్ల ఏడుస్తుందన్న మాటను కూడా నిజం చేసినట్టవుతుందని మింగేసింది.

"జీపు వచ్చే వరకు నన్ను చూడనీ మామా" అంది.

ఆమె చక్రం ముందు కూర్చుని చేతులతో ఇసక తోడసాగింది. ఎంత తోడితే అంత లోపలికి జారింది. ఈలోగా ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని పాపమ్మాళ్ సరుగుడు చెట్ల దాకా పోయే పోయింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో సీసా, కళ్ళ నిండా నీళ్ళు.

"తాగు అమ్మీ" అంది.

సంగవి తాగింది. తియ్యటి నీళ్ళు. ఉప్పు జాడ కూడా లేదు.

"మన ఊళ్ళో బోరు అంత లోతు దింపితే ఉప్పునీళ్ళు వచ్చె. ఈడ చేత్తో గీకితే ఇట్లాంటివి. నా వయసుకు ఇట్లాంటి నీళ్ళు తాగింది లే" అంది పాపమ్మాళ్, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఇది మన నేల కాదమ్మీ. మన లెక్క దీనికి పట్టదు. ఈడ ఉండేవాళ్ళను అడుగు."

సంగవి లేచి మారిసెల్వి దగ్గరికి పరిగెత్తింది. మారిసెల్వి ముందు తల అడ్డంగా ఊపింది, తర్వాత పిల్ల మొహం చూసి కొట్టు మీద గుడ్డ కప్పి కూడా వచ్చింది. ఆమె తండ్రి ఈ ఇసక మీద చేపల బండి తోలినవాడు. ఆమె చెప్పింది నాలుగు ముక్కలు. టైర్లలో గాలి సగం తీసెయ్యి. ముందుకు పోవద్దు, వచ్చిన దారిలోనే వెనక్కి పో, అక్కడ ఇసక నీ బండే తొక్కి గట్టి చేసింది. చక్రం కింద గరుకైంది ఏదన్నా వెయ్యి. బండి కదిలిందంటే తారురోడ్డు వచ్చేదాకా ఆపకు, అమ్మ పిలిచినా ఆపకు.

"గాలి తీస్తే మళ్ళా ఎవరు పెట్టేది?" అన్నాడు కుమారవేల్.

"రామేశ్వరంలో పంక్చరు కొట్టు ఉండాది మామా. దాందాకా మెల్లగా పోతా."

గాలి తీశారు. టైర్లు కింద పరుచుకున్నాయి. కుడి చక్రం వెనక తాటిమట్టలు వేశారు, అది కాస్త పైనే ఉంది కాబట్టి చాలనిపించింది. ఎడమ చక్రం దగ్గరే చిక్కు. తువ్వాళ్ళు వేశారు, చక్రం వాటిని చుట్టి విసిరేసింది. కూర్చోవడానికి తెచ్చుకున్న కోరచాపలు వేశారు, ముక్కలు చేసి ఉమ్మేసింది. ఒకామె మంచి చీర ఇస్తానని సంచిలోకి చెయ్యి పెట్టింది, పాపమ్మాళ్ వద్దంది. కావాల్సింది మందంగా, బరువుగా, బొచ్చుబొచ్చుగా ఉండేది. అలాంటిది అక్కడ ఒక్కటే ఉంది. అది ఎక్కడుందో అందరికీ తెలుసు. అందరూ సముద్రం వైపు చూశారు.

సంగవి మునుసామి ముందుకు వెళ్ళి నిలబడింది. చేతులకూ మొహానికీ ఇసక.

"పెద్దతాతా, కంబళి ఇయ్యి."

మునుసామి చెయ్యి కంబళి మీద బిగిసింది.

"దాని మీద చెప్పుకాలే పెట్టం, టైరు పెడతావా?" అన్నాడు కుమారవేల్.

"టైరు చెప్పులేసుకోలే గదా మామా" అంది ఆమె, కళ్ళు మునుసామి మీదనుంచి తిప్పకుండా. "పెద్దతాతా, నేల బిగిసిందని నేనూ అనుకుంటిని, నువ్వూ అంటివి. తప్పు ఇద్దరిదీ. నా వంతు నేను చేస్తా ఉండా. నీ వంతు నువ్వు చెయ్యి. ఊరికి పోయి దీని మీద కూకోని నన్ను గురించి చెప్తానంటివి. నన్ను ముందు దీని మీద పోనీ. అప్పుడు చెప్పు, ఏం చెప్పినా తల వంచుకోని వింటా."

పెద్దమనిషి మనసులో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తండ్రి గుర్తొచ్చాడో, కిటికీలోంచి తను అన్న 'పో అమ్మీ' గుర్తొచ్చిందో. ఆయన చెప్పులు విడిచాడు. కుంటుకుంటూ ఎడమ చక్రం దగ్గరికి నడిచి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కంబళిని రెండు మడతలు పెట్టి, ఒక అంచును చక్రం కిందికి వేళ్ళతో కుక్కుతూ, మిగతాది వెనకనున్న జాడ మీద పరిచాడు. ఊళ్ళో పరిచినంత శ్రద్ధగా ముడతలు సరిచేశాడు. ఎర్ర చార తూర్పుకు ఉందా లేదా అని సూర్యుణ్ణి చూసి, లేదని మళ్ళీ తీసి తిప్పి వేశాడు. జీపు వస్తోందని కుమారవేల్ గొణిగాడు. మునుసామి పట్టించుకోలేదు.

"ఇంగ పో" అన్నాడు లేస్తూ.

సంగవి ఎక్కి కూర్చుంది. ఆడవాళ్ళంతా వ్యాను ముందు భుజాలు ఆనించారు. కుమారవేల్ కూడా చొక్కా చేతులు మడిచి వాళ్ళ నడుమ దూరాడు. ఆమె చక్రాలు నిటారుగా పెట్టి, వెనక గేరు వేసి, కాలు తొందరపడకుండా పళ్ళు బిగబట్టి క్లచ్చి వదిలింది. చక్రం కంబళిని పట్టింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత వ్యాను బరువుగా, నెమ్మదిగా, గొయ్యిలోంచి మెట్టెక్కినట్టు పైకి లేచింది. లేచి, కంబళి మీదుగా పోయి, తన జాడలోనే వెనక్కి పరిగెత్తింది.

"ఆపకు" అని మారిసెల్వి అరుస్తోంది. సంగవి ఎలాగూ ఆపేది కాదు. అద్దంలో తారురోడ్డు, ముందు అద్దంలోంచి చూస్తే తన ఊరు మొత్తం చీరలు ఎగ్గట్టి, కేకలేస్తూ, తన వెంట పరిగెత్తుకొస్తోంది. ఆమె హారను మీద చెయ్యి వేసి తీయలేదు. రోడ్డు ఎక్కి ఆగాక కూడా కాసేపు మోగిస్తూనే ఉంది. అప్పుడు నవ్వింది. పొద్దున్నుంచీ దాచుకున్న నవ్వంతా ఒక్కసారే వచ్చి కళ్ళలోంచి కారింది.

తాడు తీసుకుని వచ్చిన జీపువాడు, లాగాల్సిన బండి ఏదని అడిగాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని, మా దగ్గర అలాంటి బండి లేదన్నారు.

అందరికంటే చివర మునుసామి వచ్చాడు, భుజాన కంబళితో. దాన్ని విప్పి దులిపాడు. ఇసక రాలింది గాని, నల్లటి బొచ్చు మీద అడ్డంగా టైరు అచ్చు అలాగే ఉంది. కొంచెం చిరిగింది కూడా. ఆయన దాన్ని చూసి, సంగవిని చూసి, వ్యాను చుట్టూ నడిచి డ్రైవరు తలుపు తెరిచాడు.

"దిగు" అన్నాడు.

ఆమె దిగింది. ఆయన కంబళిని మడిచి డ్రైవరు సీటు మీద పరిచాడు. ముడతలు అరచేత్తో సరిచేశాడు.

"కూకో."

"నేనా?" అంది ఆమె.

"ఇంకెవురు? ఈ బండి తోలే దైర్యం ఇంకెవురికుండాది?"

ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. కంబళి గరుకు తొడలకు తగిలింది. మునుసామి ఎడమవైపుకు వచ్చి ముందు తలుపు దగ్గర నిలబడి కుమారవేల్‌ను చూశాడు. కుమారవేల్ ముందు సీటు ఆయనకు వదిలి వెనక సీటుకు పోయాడు.

రామేశ్వరంలో టైర్లకు గాలి పెట్టించారు. వంతెన దాటి, అరుప్పుకోట్టై దాటి, చీకటి పడే వేళకు విరుదునగర్ చేరారు. పొద్దు పోయింది, ఆగకుండా ఊరికి పోదామని వెనక నుంచి కుమారవేల్ అన్నాడు.

"విరుదునగర్‌లో నూనె పరోటా తినకుండా ఈ బండి కదలదు" అంది సంగవి. కుమారవేల్ ఎదురు చెప్పడానికి నోరు తెరిచి, ఆమె దేని మీద కూర్చుందో గుర్తొచ్చి మూసేశాడు. అందరికంటే ఎక్కువ పరోటాలు తిన్నదీ అతనే.

ఊళ్ళో రేషను కొట్టు ముందు జనం కాచుకుని ఉన్నారు. ఎడం పక్క తలుపు తీసుకుని మునుసామి ముందు సీట్లోంచి దిగుతుంటేనే సగం మందికి సంగతి అర్థమైంది. తేలింది ఏమిటని ఒక పెద్దాయన అడిగాడు.

"నన్నేమి అడుగుతావు? కంబళి మీద ఉండేది ఆయమ్మి. ఆయమ్మిని అడుగు."

టార్చిలైటు ఒకటి వ్యాను లోపలికి వెలిగింది. సంగవి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఊరి కంబళి మీద కూర్చుని ఉంది.

"రేపు పొద్దున ఆపీసు వ్యాను ఈడినుంచే పోతుంది. నేనే తోలుతా. ప్రతి దినం పోతుంది. పెండ్లీ, మొక్కుబడీ ఏదున్నా, ఆపీసోళ్ళను దింపినాకనే" అంది.

మునుసామి చుట్టూ చూశాడు. "ఎదురు మాట ఉండేవాళ్ళు చెప్పండి. చుట్టేస్తా ఉండా."

గుంపులో ఒకరిద్దరు కదిలారు. ఆపీసు ఆడవాళ్ళంతా వ్యాను దిగి, ఇసక కాళ్ళతో, తడిసి ఆరిన చీరలతో, దాని ముందు వరసగా నిలబడ్డారు. కదిలినవాళ్ళు ఆగిపోయారు. కుమారవేల్ గొంతు సవరించుకున్నాడు. అందరూ అతని వైపు తిరిగారు.

"నాకేమి ఎదురు లే. వెనక్కి అంత నేరుగా నాకే తోలేదానికి రాదు" అన్నాడు, తల గోక్కుంటూ.

సంగవి దిగింది. మునుసామి కంబళి చుట్టేశాడు.

మర్నాడు కోవిల్‌పట్టి ఆపీసు వాచ్‌మన్ తాళాల గుత్తితో గేటు తెరవడానికి వచ్చేసరికి, గేటు ముందు వ్యాను నిలబడి ఉంది. ఆడవాళ్ళు దిగి, ఇంకా తెరవని గేటు ముందు కబుర్లాడుకుంటున్నారు. ఇంత పొద్దున్నే వచ్చేశారేమిటని వాచ్‌మన్ అడిగాడు. ముందు సీట్లో తెల్లపంచె కట్టుకుని మునుసామి దర్జాగా కూర్చున్నాడు. నీకిక్కడేం పని పెద్దాయనా అని అతను ఆయన్నీ అడిగాడు.

"కడలై మిఠాయి కొనేదానికి వస్తిని" అన్నాడు మునుసామి. ఆ వేరుశనగ మిఠాయి కొట్లు తెరవడానికి ఇంకా చాలాసేపుంది. సంగవి ఇంజను ఆపి, సీటు వెనక్కి జరుపుకుని, గేటు తెరుచుకోవడం చూస్తూ కూర్చుంది.